తెలిసినవాళ్ల దగ్గర విని నేర్చుకోవడం ఎలా

ఏ విద్యకైనా ఇప్పుడు పుస్తకం ఉంది, వీడియో ఉంది, అడగ్గానే జవాబిచ్చే యాప్ ఉంది. అయినా ఆ పనిలో తల పండిన మనిషి ముందు ఒక గంట కూర్చుంటే, వీటిలో ఎక్కడా లేనిది ఒకటి దొరుకుతుంది. ఏం చెయ్యాలో పుస్తకం చెబుతుంది. ఎప్పుడు చెయ్యకూడదో, రెండు దారులూ సరైనవిగానే కనిపిస్తున్నప్పుడు ఎటు మొగ్గాలో, పని చెడబోతోందని ముందే ఎలా పసిగట్టాలో ఆ మనిషికి తెలుసు. చాలాసార్లు అది తనకు తెలుసన్న సంగతి ఆయనకే తట్టదు. మైకేల్ పొలానీ అనే శాస్త్రవేత్త ఈ విషయం మీద చాలా ఏళ్లు ఆలోచించాడు. మనిషి మాటల్లో పెట్టగలిగినదాని కంటే అతనికి తెలిసింది ఎప్పుడూ ఎక్కువే ఉంటుందని ఆయన వాదన.

మాటల్లో పూర్తిగా పెట్టలేని ఆ విచక్షణ కోసమే మనం పెద్దవాళ్ల దగ్గరికి వెళ్తాం. ఊరికే ఎదురుగా కూర్చుంటే అది మనకు అంటదు. ముందు కొంత పని ఉంది, వింటున్నంతసేపూ పని ఉంది, ఇంటికొచ్చాక అన్నిటికంటే ఎక్కువ పని ఉంది. ఆ పనుల్ని వరసగా చెప్తాను.

1. ఎవరి మాట వినాలో తేల్చుకోండి

బాగా మాట్లాడేవాళ్లందరూ బాగా తెలిసినవాళ్లు కారు. 1970లో అమెరికాలో దీని మీద ఒక ప్రయోగం జరిగింది. మైకేల్ ఫాక్స్ అనే నటుణ్ని ‘డాక్టర్ ఫాక్స్’ అని గొప్పగా పరిచయం చేసి, గణితంలోని గేమ్ థియరీని వైద్యవిద్యకు ఎలా వర్తింపజేయాలో ప్రసంగించమన్నారు. ఆయనకు ఆ సబ్జెక్టులో ఓనమాలు కూడా రావు. ప్రసంగంలో ఒకదాన్నొకటి కొట్టేసే మాటలు, అర్థంలేని కొత్త పదాలు, సంబంధం లేని ఉదాహరణలు కావాలనే దట్టించారు. ధీమాగా, నవ్విస్తూ మాట్లాడమని మాత్రం గట్టిగా చెప్పారు. విన్నవాళ్లు సామాన్యులేం కాదు, మానసిక వైద్యులు, సైకాలజిస్టులు, విద్యారంగంలో ఉన్నవాళ్లు. వాళ్లలో ఎక్కువమంది ప్రసంగం బాగుందని, తమను ఆలోచింపజేసిందని రాసిచ్చారు.

2013లో షానా కార్పెంటర్ బృందం చేసిన ప్రయోగం ఇంకోటి ఉంది. మూడు రంగుల పిల్లులు దాదాపు అన్నీ ఆడవే ఎందుకవుతాయో వివరించే ఒకే పాఠాన్ని రెండు రకాలుగా వీడియో తీశారు. ఒకదాంట్లో టీచర్ కళ్లలోకి చూస్తూ గడగడా చెబుతుంది. ఇంకోదాంట్లో అదే మనిషి కాగితంలోకి చూసుకుంటూ తడబడుతూ చెబుతుంది. గడగడా చెప్పిన పాఠం చూసినవాళ్లు తమకు ఎక్కువ గుర్తుంటుందనుకున్నారు. పరీక్ష పెడితే రెండు గుంపులకీ ఇంచుమించు ఒకటే మార్కులు వచ్చాయి.

కాబట్టి మాట జోరుని పక్కన పెట్టి వేరే గుర్తులు చూడండి. నేను చూసే మొదటి గుర్తు ఇది: ఆ మనిషి తాను చెప్పేది ఎక్కడ పనిచేయదో కూడా చెబుతారా? ‘ఇది అన్నిచోట్లా నడుస్తుంది’ అనేవాళ్ల కంటే ‘చిన్నపిల్లల విషయంలో ఈ పద్ధతి వద్దు’ అని గీత గీసేవాళ్ల దగ్గర సరుకు ఉంటుంది. రెండోది, ‘నాకు తెలియదు’ అనడానికి వెనకాడరు. మూడోది, ఆ పని ఇప్పటికీ స్వయంగా చేస్తున్నారు, లేదా చాలాకాలం చేసి దాని దెబ్బలు తిన్నారు. వీలైతే వాళ్ల దగ్గర నేర్చుకున్నవాళ్లను కూడా చూడండి. శిష్యులు గురువుగారి మాటల్నే వల్లిస్తున్నారా, లేక తమ పని తాము నిబ్బరంగా చేసుకుంటున్నారా అన్నది చూస్తే చాలా సంగతులు తెలుస్తాయి.

ఈ చిక్కు ఇప్పటిది కాదు. కాలాములు అనే ప్రజలు బుద్ధుణ్ని సరిగ్గా ఇదే అడిగారు. ఊరికి వచ్చిన ప్రతి గురువూ తన మాటే నిజమంటున్నాడు, పక్కవాడి మాట అబద్ధమంటున్నాడు, ఎవర్ని నమ్మాలి అని. ‘ఈయన మా గురువు’ అన్న ఒక్క కారణంతో దేన్నీ ఒప్పుకోవద్దని, ఆచరిస్తే మేలు జరుగుతోందో కీడు జరుగుతోందో స్వయంగా గమనించి తేల్చుకోమని ఆయన చెప్పాడు. తనను కూడా అలాగే పరీక్షించుకోనిచ్చే మనిషి దొరికితే, ఆ గుమ్మం వదలకండి.

2. వెళ్లే ముందు మీకేం తెలుసో రాసుకోండి

ఈ పని పదిహేను నిమిషాల్లో అయిపోతుంది. ఎక్కువమంది దీన్నే వదిలేస్తారు.

ఒక కాగితం తీసుకుని ఆ విషయం గురించి ఇప్పుడు మీరేం అనుకుంటున్నారో నాలుగు వాక్యాలు రాయండి. తప్పయినా ఫర్వాలేదు. ‘ధర తగ్గిస్తే అమ్మకాలు పెరుగుతాయని నా ఉద్దేశం’, ‘పిల్లవాడు చదవకపోవడానికి ఫోనే కారణమనిపిస్తోంది’ అన్నంత సూటిగా ఉండాలి. ఇలా రాసిపెట్టుకుంటే, గురువు మాట మీ అభిప్రాయానికి ఎక్కడ అడ్డం వచ్చిందో వెంటనే కనబడుతుంది. రాసుకోకపోతే, విన్న తర్వాత ‘నేనూ అదే అనుకున్నాను’ అని మనసు సర్దుకుంటుంది. అలా సర్దుకున్నచోట నేర్చుకోవడం జరగదు.

పుస్తకంలో దొరికే సంగతులు ముందే చదువుకుని వెళ్లండి. ఓనమాలు చెప్పించుకోవడానికి పెద్దవాళ్ల సమయం వాడుకుంటే, మీరు ఎందుకొచ్చారో అక్కడికి చేరేలోపే వాళ్లు అలసిపోతారు. చదివినప్పుడు అర్థంకాని చోటు, రెండు పుస్తకాలు రెండు రకాలుగా చెప్పిన చోటు గుర్తుపెట్టుకోండి. మీ ప్రశ్న అక్కడే ఉంది.

3. వినేటప్పుడు ఏం వినాలి

వినడం గురించి పరిశోధించిన తొలితరం వాళ్లలో రాల్ఫ్ నికోల్స్ ఒకరు. ఇంగ్లీషులో మాట్లాడేవాళ్లు నిమిషానికి సుమారు 125 మాటలు మాట్లాడతారని, బుర్ర అంతకంటే చాలా వేగంగా ఆలోచిస్తుందని ఆయన 1957లో రాశారు. ఆ మిగిలిన తీరికలోనే మనసు పక్కదారి పడుతుంది. మామూలు శ్రోతకు ఉపన్యాసం ముగిసిన వెంటనే కూడా విన్నదాంట్లో సగమే గుర్తుంటుందని, రెండు నెలలకు అది పావువంతుకు పడిపోతుందని కూడా ఆయన చెప్పారు. ఏ భాషలోనైనా ఈ తీరిక ఉండేదే. దాన్ని వేటితో నింపాలన్నదే అసలు సంగతి.

చాలామందిమి దాన్ని మన జవాబుతో నింపుతాం. ఎదుటివాళ్లు మాట్లాడుతుండగానే మనం ఏం అనాలో తయారుచేసుకుంటూ ఉంటాం. దాని బదులు మూడు చిన్న పనులు చెయ్యండి. ఇప్పటిదాకా చెప్పినదాన్ని ఒక్క వాక్యంలో లోపల్లోపలే చెప్పుకోండి. తర్వాత ఎటు వెళ్తారో ఊహించండి. ఊహ తప్పితే, ఎందుకు తప్పిందో చూడండి. ఊహ తప్పిన ప్రతిసారీ, ఆ మనిషి ఆలోచించే తీరు మీదానికంటే ఎక్కడ వేరో తెలిసిపోతుంది.

ఇక ముఖ్యమైనది. అనుభవజ్ఞుల మాటల్లో విలువైనవి తరచూ అసలు పాఠంలో ఉండవు, పక్కన దొర్లిపోతుంటాయి. ఒక పెద్ద డాక్టరమ్మగారు వార్డులో రౌండ్స్‌కి వచ్చారనుకోండి. వెనకే జూనియర్ డాక్టరు. ఆవిడ ఒక మంచం దగ్గరికి వచ్చి, ఫైలు ముట్టుకోకుండా, మంచం చివర కాసేపు ఊరికే నిలబడ్డారు. ‘ఎలా ఉందండీ’ అని అడిగారు. పేషెంట్ ఏదో చెప్పాడు. అప్పుడు ఫైలు తీసి చూసి, మందు మార్చి, నర్సుకి ‘ఈయన్ని అరగంటకోసారి చూస్తుండండి’ అని చెప్పి ముందుకెళ్లారు. జూనియర్ తన నోట్స్‌లో మందు పేరు, డోసు రాసుకున్నాడు. అవి ఫైల్లో ఎలాగూ ఉన్నాయి. రౌండ్స్ అయ్యాక అతను ఒక్క ప్రశ్న వేస్తే చాలు.

‘మేడమ్, ఫైలు చూడకముందే ఆ పేషెంట్ దగ్గర కాసేపు ఆగారు. ఏం చూశారు?’

‘నువ్వు గమనించలేదా? చిన్న వాక్యం చెప్పడానికి మధ్యలో రెండుసార్లు ఊపిరి కోసం ఆగాడు. పీల్చినప్పుడల్లా మెడ కండరాలు బిగుసుకుంటున్నాయి. ఫైల్లో ఉన్నది పొద్దుటి రిపోర్టు. అప్పటికీ ఇప్పటికీ మనిషి మారిపోయాడు.’

ఈ రెండో మాట కోసమే ఆ జూనియర్ రోజంతా ఆవిడ వెనక తిరగాలి. అతను అడగకపోతే ఆవిడ చెప్పేవారు కాదు. దాచుకోవాలని కాదు, అలా చూడటం ఆవిడకు అంత అలవాటైపోయింది.

ఏ రంగంలోనైనా ఇలాంటివి దొరికే చోట్లు కొన్ని ఉంటాయి. గురువు ‘మామూలుగా అయితే ఇలా చేస్తాం, కానీ...’ అన్నప్పుడు ఆ ‘కానీ’ తర్వాత వచ్చేది వినండి. ఎప్పుడూ టకటకా చెప్పే మనిషి ఒక్కసారిగా తటపటాయిస్తే, అక్కడ నియమం అయిపోయి విచక్షణ మొదలైందన్నమాట. చెప్పిన కథే మళ్లీ చెబుతుంటే విసుక్కోకండి. ఆ సంఘటన ఆయనకు పెద్ద పాఠం నేర్పి ఉంటుంది, మొదటిసారి చెప్పినప్పుడు మీకది అందకపోయి ఉండొచ్చు. ఏ చిన్న పొరపాటు చూస్తే ఆయనకు చర్రున కోపం వస్తుందో అది కూడా గుర్తుంచుకోండి.

ఒక మాట మాత్రం నోట్లోనే ఆపుకోండి: ‘తెలుసండీ.’ వినయంగా అన్నా సరే, ఆ మాట వినగానే చెప్పేవాళ్లు ఆ భాగాన్ని దాటేస్తారు. మీకు తెలిసింది వాళ్లకు తెలిసినంత లోతుగా ఉందో లేదో ఇక ఎప్పటికీ తేలదు. తెలిసిన విషయమైనా పూర్తిగా చెప్పనివ్వండి. దాన్ని వాళ్లు ఏ వరసలో చెబుతున్నారో, దేన్ని ముందు పెడుతున్నారో, దేన్ని అసలు వదిలేశారో చూడండి.

ఫోన్ గురించి వేరే చెప్పక్కర్లేదు. సైలెంట్‌లో పెట్టి, కంటికి కనబడని చోట ఉంచండి.

4. రాసుకోవడం

ఈ అధ్యాయానికి అసలైన ఉపాధ్యాయుడు మైకేల్ ఫారడే. కమ్మరి కొడుకు. పెద్దగా బడి చదువు లేదు. పద్నాలుగేళ్ల వయసులో లండన్‌లో ఒక పుస్తకాల బైండింగ్ షాపులో పనికి చేరాడు. 1812లో, షాపుకు వచ్చే ఒకాయన టిక్కెట్లు ఇస్తే, రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ ఇచ్చిన నాలుగు ఉపన్యాసాలకు వెళ్లాడు. అక్కడ కూర్చుని గబగబా చిత్తుగా రాసుకున్నాడు. ఇంటికి వచ్చాక ఆ చిత్తుప్రతిని ముందు పెట్టుకుని, గుర్తున్నదంతా జోడించి, ప్రయోగాల బొమ్మలు వేసి, మొత్తం సాఫుగా తిరగరాశాడు. ఉపన్యాసాల నోట్స్‌లో పరికరాల బొమ్మలు సరిగ్గా రావాలని అంతకుముందే బొమ్మలు గీయడం కూడా నేర్చుకున్నాడు. సుమారు 300 పేజీల ఆ రాతను తనే బైండు చేసి, ఆ ఏడాది చివర్లో డేవీకి పంపాడు. 1813 మార్చిలో డేవీ అతన్ని సహాయకుడిగా తీసుకున్నాడు. విద్యుత్తు పుట్టించే జనరేటర్లకు మూలమైన సూత్రాన్ని 1831లో కనిపెట్టింది ఈ బైండింగ్ కుర్రాడే.

ఇందులో మనం పట్టుకోవాల్సింది రెండుసార్లు రాయడం. అక్కడ చిత్తుగా, ఇంటి దగ్గర సాఫుగా. చిత్తుప్రతిలో అన్నీ పట్టేయాలని చూడకండి. ముఖ్యమైన మాటలు, అంకెలు, గురువు ఇచ్చిన ఉదాహరణ, మీకు వచ్చిన అనుమానం పక్కన ఒక ప్రశ్నార్థకం, అంతే. సాఫుప్రతి రాసేటప్పుడు ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య ఉన్న కారణాన్ని మీరే పూరించాల్సి వస్తుంది. అది పూరించలేకపోతే మీకు అర్థం కాలేదని తెలిసిపోతుంది.

చేత్తో రాయాలా, ల్యాప్‌టాప్‌లో టైప్ చెయ్యాలా? చేత్తో రాసుకున్న విద్యార్థులకు పాఠంలోని భావాలు బాగా ఒంటబట్టాయని, టైప్ చేసేవాళ్లు మాటకు మాట దించేస్తున్నారని 2014లో మ్యుల్లర్, ఓపెన్‌హైమర్ రాసిన వ్యాసం పేరుపొందింది. అదే ప్రయోగాన్ని తర్వాత మళ్లీ చేసినవాళ్లకు అంత స్పష్టమైన తేడా కనబడలేదు. నా సలహా అయితే, ఏ సాధనమైనా మాటకు మాట దించకుండా మీ మాటల్లో రాయండి. రికార్డింగ్ చెయ్యాలనిపిస్తే ముందు అనుమతి అడగండి. రికార్డింగ్ ఉందన్న ధైర్యంతో వినడం మానేస్తామని మాత్రం మర్చిపోకండి. ఫోన్ ఆన్‌లో ఉంటే కొందరు పెద్దవాళ్లు మనసు విప్పి మాట్లాడరు కూడా.

5. అడగడం

తెలిసినవాళ్లు మెట్లు దాటేస్తారు. 1990లో స్టాన్‌ఫర్డ్‌లో ఎలిజబెత్ న్యూటన్ అనే పరిశోధకురాలు దీన్ని చాలా సులువైన ప్రయోగంతో చూపించింది. కొందరిని అందరికీ తెలిసిన పాటల దరువును బల్లమీద వేళ్లతో కొట్టమంది, ఇంకొందరిని అది ఏ పాటో కనుక్కోమంది. సగం పాటలైనా కనుక్కుంటారని దరువేసినవాళ్లు అనుకున్నారు. 120 పాటల్లో విన్నవాళ్లు కనుక్కున్నవి మూడే. దరువు వేసే మనిషి తలలో పాట మొత్తం మోగుతూనే ఉంటుంది. వినేవాళ్లకు టకటకలు తప్ప ఏమీ ఉండవు.

మీ గురువు తలలోనూ పాట మోగుతోంది. అందుకే అర్థం కాని చోట తల ఊపడం ఆయన్ని గౌరవించడం అవదు. ఆయన ఏ మెట్టు వదిలేశారో ఆయనకు తెలియజేయగలిగింది మీరొక్కరే. అడగడానికి మొహమాటంగా ఉంటే తప్పంతా మీ వైపు పెట్టుకోనక్కర్లేదు. ‘మొదటి మాట నుంచి మూడో మాటకు ఎలా వెళ్లారో నాకు అందలేదండీ, మధ్యలో ఏముంది?’ అంటే చాలు.

పనికొచ్చే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ‘ఇక్కడ మీరు మొదట దేన్ని చూశారు?’ ‘ఇంకేం చేద్దామనుకుని మానేశారు?’ ‘ఏం కనబడితే మీ నిర్ణయం మార్చుకునేవారు?’ ‘కొత్తగా చేరినవాళ్లు ఇక్కడ ఎక్కువగా ఎక్కడ తప్పుతారు?’ ఈ నాలుగింటిలో నాకు రెండోది ఎక్కువ ఇష్టం. చేసిన పని అందరికీ కనబడుతుంది, మానేసిన పని ఆ మనిషి చెబితే తప్ప తెలియదు. ‘జీవితంలో విజయానికి ఏం చెయ్యాలి’ లాంటి ప్రశ్నకు మాత్రం ఎంత గొప్పవాళ్లయినా అందరికీ చెప్పే మాటే చెప్పగలరు. మీ చేతిలో ఉన్న సమస్యను, దాని వివరాలతో సహా ముందు పెట్టండి.

అడిగాక ఆగండి. జవాబు రావడానికి కాస్త ఆలస్యమైతే ఇంకో ప్రశ్న వేసి ఆ ఖాళీని నింపకండి. ఆ ఖాళీలో వాళ్లు నిజంగా ఆలోచిస్తున్నారు.

6. ఆ రోజే, పడుకునేలోపు

హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ మనస్తత్వవేత్త అర్థంలేని అక్షరాల జాబితాలు కంఠస్థం చేసి, తనను తానే పరీక్షించుకుంటూ మరుపు ఎలా నడుస్తుందో 1885లో ప్రచురించాడు. మరుపులో ఎక్కువ భాగం మొదటి గంటల్లోనే జరిగిపోతుంది, ఆ తర్వాత నెమ్మదిస్తుంది. అర్థమున్న మాటలు అంత త్వరగా పోవు కానీ, విన్న రోజు దాటితే ఎంత జారిపోతుందో మన అందరికీ అనుభవమే.

ఇక్కడ చాలామంది చేసే పని నోట్స్ మళ్లీ చదవడం. దానికంటే మంచి పద్ధతి ఉంది. నోట్స్ మూసేసి, విన్నది ఖాళీ కాగితం మీద రాయండి. రోడిగర్, కార్పికే అనే ఇద్దరు 2006లో విద్యార్థులకు ఒక వ్యాసం ఇచ్చి, కొందరిని మళ్లీ చదవమన్నారు, కొందరిని చూడకుండా గుర్తుచేసుకుని రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత చూస్తే చూడకుండా రాసినవాళ్లకు 56 శాతం గుర్తుంది, మళ్లీ చదివినవాళ్లకు 42 శాతమే. చదువుతుంటే తెలిసినట్టే ఉంటుంది కాబట్టి ఈ తేడా మనకు ఆ క్షణంలో తెలియదు. గుర్తుతెచ్చుకోవడం కష్టంగా ఉంటుంది, ఆ కష్టం వల్లే విషయం నిలబడుతుంది.

రాయడం అయ్యాక నోట్స్ తెరిచి, వదిలేసినవి ఇంకో రంగు పెన్నుతో చేర్చండి. ఆ తర్వాత ఇంట్లో ఎవరికైనా, లేదా స్నేహితుడికి ఫోన్లో, ఐదు నిమిషాలు చెప్పి చూడండి. జిప్పు ఎలా పనిచేస్తుందో మీకు ఎంత బాగా తెలుసు అని అడిగితే జనం తమకు చాలా మార్కులు వేసుకుంటారని, సరే వివరంగా చెప్పమంటే వెంటనే ఆ మార్కులు తగ్గించుకుంటారని రోజెన్‌బ్లిట్, కీల్ 2002లో చూపించారు. గురువు నోట విన్నప్పుడు తేటగా ఉన్నది మన నోట వచ్చేసరికి ఎక్కడ తెగుతుందో ఇలా చెబితేనే బయటపడుతుంది. ఆ తెగినచోటే తర్వాతిసారి మీ మొదటి ప్రశ్న.

7. నచ్చకపోతే

శ్రవణం, మననం, నిదిధ్యాసనం. అంటే వినడం, విన్నదాన్ని ఆలోచించడం, దాన్నే ధ్యానిస్తూ ఒంటబట్టించుకోవడం. మన పాత చదువు చెప్పిన వరస ఇది, బృహదారణ్యక ఉపనిషత్తులో యాజ్ఞవల్క్యుడు మైత్రేయికి చెప్పిన వరస. మొదటిదాన్ని అందరం పట్టుకుంటాం. రెండోదాంట్లో సందేహానికి చోటుంది, విన్నదాన్ని తర్కంతో తిరగేసి మరగేసి చూసుకోవడం దాని పనే. కాబట్టి గురువు మాటను ఒప్పుకోలేకపోవడం అపరాధమేమీ కాదు. దానికి ఒక పద్ధతి పెట్టుకోండి.

ముందు ఆయన మాటను ఆయనే ‘అవును, నేనన్నది అదే’ అనేంత సరిగ్గా మీరు చెప్పగలగాలి. చెప్పలేకపోతే ఇంకా వినడం పూర్తికాలేదు. చెప్పగలిగితే, మీకున్న అభ్యంతరం ఒక ఉదాహరణతో అడగండి. ‘మీరు చెప్పింది నప్పని సందర్భం ఒకటి చూశాను, దాన్ని ఎలా అర్థం చేసుకోవాలి?’ మంచి గురువుకు ఈ ప్రశ్న ఇష్టంగా ఉంటుంది. దానికి కోపం తెచ్చుకుని నోరు మూయించే మనిషి అయితే, మొదటి భాగంలో చెప్పిన గుర్తులు మళ్లీ ఒకసారి సరిచూసుకోండి.

మీ పనిలో తప్పు పట్టినప్పుడు వినడం ఇంతకంటే కష్టం. అప్పుడు సంజాయిషీ నోటిదాకా వచ్చేస్తుంది. ‘అది అలా కాదండీ, ఆ రోజు టైమ్ లేక...’ అని మొదలుపెట్టగానే ఎదుటివాళ్లు ఆపేస్తారు, మీకు రావాల్సిన మిగతా సగం రాదు. అక్కడికక్కడే ఒప్పుకోనక్కర్లేదు, వాదించనూ అక్కర్లేదు. వాళ్లు చూపించిన తప్పు ఎక్కడుందో, ఏ వాక్యంలోనో, ఏ లైనులోనో, ఏ కుట్టులోనో అడిగి రాసుకోండి. టెన్షన్ తగ్గాక, మర్నాడు చూసుకుంటే ఆ మాట అప్పుడు అనిపించినంత కటువుగా అనిపించదు.

8. చేసి చూసి, మళ్లీ వెళ్లండి

విన్నవాటిలో ఒక్కటి తీసుకోండి. పది వద్దు. దాన్ని వారంలోపు నిజమైన పని మీద ప్రయత్నించి, ఏం జరిగిందో రాసుకోండి. ఫలానా పని ఇలా చేశాను, ఇక్కడిదాకా బాగా నడిచింది, ఇక్కడ ఆగింది. అంతకంటే పెద్ద నివేదిక అక్కర్లేదు.

ఆ కాగితం పట్టుకుని మళ్లీ వెళ్లండి. వెళ్లే ముందు ఎంతసేపు వీలవుతుందో కనుక్కుని, దానికి ఐదు నిమిషాలు ముందే లేవండి. సలహా అడిగేవాళ్లు చాలామంది ఉంటారు, దాన్ని చేసి చూసి ఏమైందో చెప్పడానికి తిరిగి వచ్చేవాళ్లు బహు తక్కువ. చెప్పినవాళ్లకు తమ మాట మీ చేతిలో ఏమైందో తెలిసినప్పుడు వాళ్లు మాట్లాడే తీరే మారుతుంది. మొదటిసారి అందరికీ చెప్పేది చెప్పారు. ఈసారి మీ కాగితం చూసి, మీరు ఆగిపోయిన చోట వేలు పెట్టి, ‘ఇక్కడ నువ్వు తొందరపడ్డావు, ఇది ఇంకా పచ్చిగా ఉందని నీకు ఎలా తెలియాలంటే...’ అని మొదలుపెడతారు.